పాత ఆంప్లిఫయర్‌లో మొదటి వాట్

సభలోని పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

మీలో నా వయసు వారికి ఊళ్లో పెళ్లినాడు చింతకొమ్మకు కట్టిన హారన్ మైకు గుర్తుండే ఉంటుంది. కింద అరుగు మీద పెట్టిన ఆంప్లిఫయర్ పాతిక ముప్పై వాట్లకు మించి ఉండేది కాదు, అయినా ఆ పాట పొలిమేర దాటి కలుపు తీసేవాళ్ల చెవిన పడేది. ఇవాళ మన ఇళ్లలో వంద వాట్ల ఆంప్లిఫయర్ పెట్టుకుని పక్కగదిలోకి వినిపించడానికే నాబ్ సగం తిప్పుతున్నాం. ఈ తేడా అంతా ఆంప్లిఫయర్‌లో లేదు, స్పీకర్‌లో ఉంది. హారన్ స్పీకర్ అయితే దానికి పాత ఆంప్లిఫయర్‌ను ఎంచుకునే లెక్క కూడా తలకిందులవుతుందని చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

ఆ మైకు ముందు బూరలా ఉండే హారన్ చేసే పని ఏమిటో ముందు చూద్దాం. గాలి పలచనిది కాబట్టి స్పీకర్ పొర ముందుకు వెనక్కు కదిలినా దానికి గాలి ఆనదు. ఉత్త గాలిలోకి పిడికిలి విసిరితే చేతికి ఏమీ తగలదు కదా, అలాగే ఆ శ్రమలో ఎక్కువ భాగం వృథా అవుతుంది. మామూలు పెట్టె స్పీకర్ తనకు అందిన విద్యుత్తులో వందో వంతును కూడా శబ్దంగా మార్చలేక, మిగిలినదాన్ని లోపలి తీగచుట్ట అయిన కాయిల్‌లో వేడిగా పోగొట్టుకుంటుంది. సన్నని గొంతుతో మొదలై క్రమంగా విచ్చుకునే హారన్‌ను ఆ పొర ముందు అమర్చితే, గొంతు దగ్గర చిక్కుకున్న గాలి పొరకు గట్టిగా ఆనుతుంది, పొర పెట్టిన బలం వృథా పోకుండా గదిలోకి చేరుతుంది. మన నాదస్వరం అంత దూరం వినిపించడంలో చివర విచ్చుకుని ఉండే అణసుకూ వాటా ఉంది.

ఈ సామర్థ్యాన్ని కొలవడానికి స్పీకర్‌కు ఒక వాట్ ఇచ్చి, మీటరు దూరంలో శబ్దం ఎన్ని డెసిబెల్స్ (శబ్ద స్థాయికి కొలత) వస్తుందో చూస్తారు. మామూలు చిన్న స్పీకర్లకు 86 దగ్గర వస్తుంది. పాల్ క్లిప్ష్ అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, హోప్ అనే చిన్న ఊళ్లో 1946లో తయారీ మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్ అనే హారన్ స్పీకర్‌కూ, ఆ తర్వాత 1960లలో వచ్చిన లా స్కాలాకూ కంపెనీ చెప్పే అంకె 104, 105 డెసిబెల్స్. అదే కంపెనీ పాత కార్న్‌వాల్ 98 పైన, పాత హెరెసీ 96 దగ్గర ఉంటాయి. సినిమా హాళ్ల కోసం ఆల్టెక్ లాన్సింగ్ 1940లలో తెచ్చిన వాయిస్ ఆఫ్ ది థియేటర్ శ్రేణి కూడా ఈ కోవకే చెందుతుంది. కంపెనీల అంకెల్లో గది సాయం కలిసి ఉండవచ్చు కనుక రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూసుకోవడం నా అలవాటు. అయినా తేడా చిన్నది కాదు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ కావలసిన పవర్ రెట్టింపవుతుంది కాబట్టి, 104 డెసిబెల్స్ స్పీకర్ ఒక్క వాట్‌తో చేసే పనిని 86 డెసిబెల్స్ స్పీకర్ చేయాలంటే అరవైకి పైగా వాట్లు కావాలి.

ఈ రకం స్పీకర్లు పుట్టిన కాలంలో వాట్ ఖరీదైన వస్తువు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1938లో తెచ్చిన 300బీ వాల్వు, అంటే ట్రాన్సిస్టర్‌కు ముందు ఆంప్లిఫయర్లలో వాడిన గాజు గొట్టం, ఒక్కటే పనిచేస్తే వచ్చేది ఎనిమిది వాట్ల లోపే, సినిమా హాళ్ల ఆంప్లిఫయర్లు అలాంటి పదుల వాట్లతోనే వందలమందికి వినిపించేవి. తర్వాత రెండు సంగతులు వెంటవెంటనే జరిగాయి. 1954లో ఎడ్గర్ విల్చర్ అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పేరిట ఏఆర్-1 అనే చిన్న మూసిన పెట్టెను తెచ్చాడు. అందులోంచి లోతైన బేస్ వచ్చేది, దానికి మూల్యంగా సామర్థ్యాన్ని వదులుకున్నాడు. 1958లో స్టీరియో రికార్డులు బజారుకొచ్చాక ప్రతి ఇంటికీ ఒకటికి రెండు పెట్టెలు కావలసి వచ్చాయి, బీరువా అంత హారన్‌లు రెండు పట్టే గది ఎందరికి ఉంటుంది? ఆ వెనకే ట్రాన్సిస్టర్ వచ్చి వాట్‌ను చవక చేసింది. అలా మొదలైన వాట్ల పందెం 1978లో, రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే పయనీర్ ఎస్‌ఎక్స్-1980 రిసీవర్ దగ్గరకు, అంటే ఛానెల్‌కు 270 వాట్లు, ముప్పై అయిదు కిలోల బరువు దగ్గరకు చేరింది. ఆ యంత్రాల నిర్మాణం గొప్పది, నేను కాదనను. అవి పుట్టింది మాత్రం సామర్థ్యం తక్కువైన పెట్టెలను కదిలించడానికి.

ఈ సంగతి నాకు పుస్తకంలో చదివి తెలియలేదు. ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్న రోజుల్లో, శనివారం ఉదయం గరాజ్ సేల్స్ తిరిగే అలవాటుండేది. ఎన్నో ఏళ్లు దాచుకున్న డబ్బుతో ఒక జత హారన్ స్పీకర్లు కొనుక్కుని, వాటికి తగ్గ రాజసం ఉండాలని డెబ్బైల నాటి పెద్ద జపనీస్ రిసీవర్‌ను, మిత్రుడి సాయంతో ఇద్దరం మోసుకొచ్చి కలిపాను. రాత్రి ఇల్లు సద్దుమణిగాక వీణ రికార్డింగ్ ఒకటి పెట్టాను. పాట మొదలు కాకముందే, నేను కూర్చున్న కుర్చీ దాకా సన్నగా సుయ్యిమనే రొద వస్తోంది. వాల్యూమ్ నాబ్‌ను వెంట్రుక మందం కదిపితే ఎడమ స్పీకర్ ముందు పలికింది, ఇంకొంచెం కదిపితే కుడిది అందుకుంది, అప్పటికే ఇంట్లో వాళ్లు లేచేంత శబ్దమైంది. మీటిన తీగ నాదం సన్నగిల్లుతూ వెళ్లి కలిసిపోవలసిన చోట ఇసుక రాలినట్టు గరగర వినిపించింది. కొన్నాళ్ల తర్వాత చౌకగా దొరికిన పదిహేను వాట్ల చిన్న రిసీవర్‌ను సరదాకి కలిపి చూస్తే, అదే వీణ నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఆ రాత్రి కనిపించిన మూడు లోపాలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. అవి తెలిస్తే ఏ పాత ఆంప్లిఫయర్‌ను చూసినా అది మన స్పీకర్‌కు నప్పుతుందో లేదో మీరే తేల్చుకోగలుగుతారు.

మొదట రొద సంగతి. పాత రిసీవర్ల కాగితాల మీద సిగ్నల్‌కూ రొదకూ నిష్పత్తి 90 డెసిబెల్స్ అని గొప్పగా రాసి ఉంటుంది. ఆ 90 అనేది ఆంప్లిఫయర్ ఇవ్వగలిగిన పూర్తి పవర్ నుంచి కిందికి కొలిచిన అంకె. వంద వాట్ల యంత్రానికి అక్కడి నుంచి 90 డెసిబెల్స్ దిగితే మిగిలే రొద వాట్‌లో కోటో వంతు. చాలా తక్కువే అనిపిస్తుంది. కానీ 104 డెసిబెల్స్ స్పీకర్ దాన్ని మీటరు దూరంలో 34 డెసిబెల్స్ శబ్దంగా మారుస్తుంది, అర్ధరాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది చెవికి తెలుస్తుంది. అదే రొద 86 డెసిబెల్స్ స్పీకర్‌లో 16 దగ్గర ఆగిపోయి, ఎవరికీ వినబడదు. ఇప్పుడు అదే 90 అంకె ఉన్న పదిహేను వాట్ల ఆంప్లిఫయర్‌ను తీసుకుంటే, పై మెట్టే కిందుంది కాబట్టి రొద కూడా ఎనిమిది డెసిబెల్స్ కిందికి దిగుతుంది. ఒకే శుభ్రత ఉన్న రెండు యంత్రాల్లో చిన్నదే నిశ్శబ్దంగా ఉండడానికి కారణం ఇంతే.

రెండోది నాబ్ సంగతి. డెబ్బైల నాటి రిసీవర్లలో ఆక్స్ అనే ఇన్‌పుట్‌కు 150 మిల్లీవోల్టులు అందితే చాలు, పూర్తి పవర్ వచ్చేస్తుంది. సీడీ ప్లేయరో, మనం ఈ రోజు వాడే డిజిటల్ పరికరమో దానికి రెండు వోల్టులు పంపుతుంది, అంటే కావలసినదానికి పదమూడు రెట్లు. దానికి తోడు స్పీకర్ ఇంత చురుకైనదైతే నాబ్ ఎప్పుడూ మొదటి గీత దగ్గరే తచ్చాడుతుంటుంది. పాత వాల్యూమ్ కంట్రోల్‌లో ఆ మొదటి భాగమే రెండు ఛానెళ్లనూ సమంగా నడపలేని భాగం. పైగా లౌడ్‌నెస్ బటన్ నొక్కి ఉంటే, నాబ్ కింద ఉన్నకొద్దీ బేస్ ఎక్కువ కలుస్తుంది కనుక గది అంతా డోలు మోతే. దీనికి మందు సులువు. వచ్చే సిగ్నల్‌ను ఇరవై డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్‌ను, అంటే లోపల రెండు రెసిస్టర్లు మాత్రమే ఉండే చిన్న ప్లగ్గును, ప్లేయర్‌కూ రిసీవర్‌కూ మధ్య పెట్టాలి. వెనక ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ అని విడిగా జాక్‌లున్న రిసీవర్ అయితే దాన్ని ఆ రెంటి మధ్య పెట్టవచ్చు, అప్పుడు ఆంప్లిఫయర్ ముందు దశ అయిన ప్రీఆంప్లిఫయర్ రొద కూడా దాంతోపాటే తగ్గుతుంది. అందుకే ఆ జాక్‌లున్న మోడల్‌కు నేను నాలుగు డబ్బులు ఎక్కువైనా పెడతాను.

మూడోది గరగర. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఎంపికకు అసలు ప్రాణం ఇక్కడే ఉంది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో శబ్దపు అల పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని ఇంకొకటి మోస్తాయి. నిండు బిందె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారేటప్పుడు రెండో మనిషి పట్టు అందకముందే మొదటి మనిషి వదిలేస్తే నీళ్లు తొణికినట్టు, అల సున్నా దగ్గర దాటే చోట కొంత చెడిపోతుంది. దీన్నే క్రాస్‌ఓవర్ డిస్టార్షన్ అంటారు. పెద్ద శబ్దంలో ఈ తొణుకు కలిసిపోతుంది, చిన్న శబ్దంలో అదే బయటపడుతుంది. ఇద్దరూ బిందెను కాసేపు కలిపి పట్టుకోవడానికి వీలుగా, పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో కొద్దిపాటి కరెంటు పారేలా చేస్తారు. అదే బయాస్.

బయాస్ 50 మిల్లీఆంపియర్లు ఉందనుకుందాం. ఎనిమిది ఓముల స్పీకర్‌కు దాదాపు 40 మిల్లీవాట్ల దాకా రెండు ట్రాన్సిస్టర్లూ కలిసే పనిచేస్తాయి, అంటే అంతవరకు అది నిఖార్సైన క్లాస్ ఏ ఆంప్లిఫయర్. 86 డెసిబెల్స్ స్పీకర్‌కు 40 మిల్లీవాట్లు ఏ మూలకూ చాలవు. మన 104 డెసిబెల్స్ స్పీకర్‌కు మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇవ్వడానికి అవే సరిపోతాయి. మూడు మీటర్ల దూరంలో కూర్చుని హాయిగా వినే స్థాయికి సగటున అందులో సగం కూడా అక్కర్లేదు, ఉరిమే చోట మాత్రం ఒకటి రెండు వాట్లు పడుతుంది. అంటే, బయాస్ సరిగ్గా ఉన్న మామూలు పాత రిసీవరే మన చేతిలో దాదాపు క్లాస్ ఏ యంత్రంగా పనిచేస్తుంది. యాభై ఏళ్లలో ఆ బయాస్ పక్కకు జరిగిపోయి ఉంటే మాత్రం మనం వినేదంతా ఆ తొణుకులోంచే వింటాం. నా పెద్ద రిసీవర్‌కు జరిగింది అదే, తర్వాత మీటరు పెట్టి కొలిస్తే బయాస్ దాదాపు సున్నాకు పడిపోయి ఉంది. కంపెనీ పేరు కంటే, బయాస్‌ను సరిచేసే ఈ ఒక్క స్క్రూ ఎక్కడ ఉందన్నదే నాకు ముఖ్యం.

ఇక వేటిని చూడవచ్చు? వాల్వుల వైపు నుంచి మొదలుపెడతాను. ఈఎల్84 వాల్వులు నాలుగు ఉండి ఛానెల్‌కు పది పన్నెండు వాట్లు ఇచ్చే ఇంగ్లండు ఆంప్లిఫయర్ లీక్ స్టీరియో 20 ఈ స్పీకర్లకు పుట్టినట్టే ఉంటుంది. 1953 నాటి క్వాడ్ 2 పదిహేను వాట్లది, ఒక్కొక్క ఛానెల్‌కు ఒక్కొక్కటి కావాలి. అమెరికా వైపు 1959లో డేవిడ్ హాఫ్లర్ డైనాకో పేరిట, ఇంట్లోనే కట్టుకునే కిట్‌గా అమ్మిన స్టీరియో 70 ఉంది. ఛానెల్‌కు 35 వాట్లు, నాలుగు ఈఎల్34 వాల్వులు. దాని ముందు దశలోని 7199 వాల్వు ఇప్పుడు దొరకడం కష్టం కనుక, వేరే వాల్వుకు మార్చిన బోర్డున్న సెట్టు కనిపిస్తే దాన్ని తక్కువగా చూడకండి. మెకింటాష్ కంపెనీ ఆంప్లిఫయర్లలో అందరూ 75 వాట్ల ఎమ్‌సీ275 వెంటపడతారు, మన పనికి 25 వాట్ల ఎమ్‌సీ225 సరిపోతుంది. రేడియోతో సహా ఒకే పెట్టెలో కావాలనుకుంటే ఫిషర్ 500-సీ నాకు అన్నిటికంటే ఇష్టం. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోని సంగీత మందిరానికి నాలుగు దశాబ్దాలు ఎవరి పేరుండేదో ఆ ఆవరీ ఫిషర్ కంపెనీ అది. అందులోని 7591 వాల్వులు మధ్యలో కరువైనా ఇప్పుడు కొత్తగా తయారవుతున్నాయి. వాల్వుల్లో ఇంకో సౌకర్యం, వెనక 4, 8, 16 ఓముల తీగలు విడిగా ఉంటాయి. పాత ఆల్టెక్ స్పీకర్లలో పదహారు ఓములవి చాలా ఉన్నాయి కనుక అది పనికొస్తుంది.

ట్రాన్సిస్టర్లలో 1960ల తొలి యంత్రాలను నేను ఎవరికీ చెప్పను. బిందె మార్చుకునే విద్య అప్పటికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. 1970 తర్వాతవి చూడండి. ఆ దశకంలోని మరాంజ్ రిసీవర్ల నంబర్లలో ఒక చక్కని పద్ధతి ఉంది. 2215, 2230, 2245, 2270 అన్న వాటిలో చివరి రెండంకెలే ఛానెల్‌కు వాట్లు. బజారులో 2270 ధర చూసి గుండె జారిపోయినవాళ్లు 2215 దగ్గరో 2230 దగ్గరో ఆగితే, హారన్ స్పీకర్‌కు వచ్చే లోటేమీ లేదు. పయనీర్ ఎస్‌ఎక్స్-450 పదిహేను వాట్లది. హార్మన్ కార్డన్ 430 పాతిక వాట్లదే అయినా రెండు ఛానెళ్లకూ రెండు వేర్వేరు పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టారు. అంత చిన్న యంత్రానికి అంత శ్రద్ధ పెట్టడం చూస్తే ముచ్చటేస్తుంది. ఇంకొక మాట, 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం వచ్చేదాకా వాట్లను ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకునేవారు. అంతకు ముందరి ప్రకటనలో మ్యూజిక్ పవర్ అని కనబడితే సగానికి తగ్గించి చదవండి. మనకు ఆ సగం కూడా ఎక్కువే.

సోల్డరింగ్ వచ్చినవారికి మరో దారి ఉంది. 1969లో జాన్ లిన్స్‌లీ హుడ్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో పది వాట్ల క్లాస్ ఏ ఆంప్లిఫయర్ నమూనాను ప్రచురించారు. ఛానెల్‌కు నాలుగే ట్రాన్సిస్టర్లు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే విడిభాగాలతో దాన్ని కట్టవచ్చు, వేడిని తట్టుకునే హీట్‌సింక్ మాత్రం ఉదారంగా పెట్టాలి.

ఏది కొన్నా, ఇంటికి తెచ్చిన వెంటనే ప్లగ్గులో గుచ్చకండి. మన మెకానిక్‌లు తరతరాలుగా వాడే సిరీస్ బల్బు కంటే మంచి పరీక్ష లేదు. వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సెట్టుతో సిరీస్‌లో కలిపి స్విచ్ వేస్తే, ట్రాన్సిస్టర్ సెట్టు బాగున్నట్లయితే బల్బు భగ్గున వెలిగి, రెండు క్షణాల్లో మందగించి, లోపలి తీగ ఎర్రగా మాత్రమే మిగులుతుంది. వెలుగు తగ్గకపోతే లోపల షార్ట్ ఉన్నట్టు. ఫ్యూజు పోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా ఆ సంగతి తెలిసిపోతుంది. వాల్వు సెట్టులో హీటర్లు ఎలాగూ కరెంటు లాగుతాయి కాబట్టి బల్బు అంతగా మందగించదు, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. ఆ తర్వాత స్పీకర్ తగిలించకుండానే ట్రాన్సిస్టర్ సెట్టు స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజి కొలవండి. 50 మిల్లీవోల్టులు దాటితే ఆ సెట్టును స్పీకర్ దగ్గరికి రానివ్వకండి. వాల్వు ఆంప్లిఫయర్‌ను మాత్రం స్పీకర్ గానీ దానికి సరిపడే రెసిస్టర్ గానీ లేకుండా ఎప్పుడూ నడపకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. పాత వాల్వు సెట్టులో ఒక దశ నుంచి ఇంకో దశకు పాటను మాత్రమే దాటించే కప్లింగ్ కండెన్సర్ లీకైతే అవుట్‌పుట్ వాల్వులోని ప్లేటు కుంపట్లో బొగ్గులా ఎర్రబడుతుంది, కనబడిన క్షణంలోనే ఆపేయాలి. గుయ్‌మనే హమ్ వస్తుంటే ముందుగా అనుమానించవలసింది లోపలి కరెంటును నున్నగా చేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయేమోనని. ఆపేశాక కూడా ఆ కండెన్సర్లలో నాలుగు వందల వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. అనుభవం లేనివారు మూత తీయకపోవడమే మంచిది.

అమెరికా నుంచి బంధువుల సామానులో తెప్పించుకునేవారు రెండు సంగతులు గమనించాలి. అక్కడి సెట్టు 120 వోల్టులది, జపాన్ దేశీయ మోడల్ 100 వోల్టులది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఫ్రీక్వెన్సీ మారదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. అందువల్ల వెనక పలక మీద 50/60 అని రాసి ఉన్నదీ, వీలైతే వోల్టేజి మార్చే సెలెక్టర్ ఉన్నదీ చూసుకుని తీసుకోండి. జపాన్‌లో ఎఫ్‌ఎమ్ బ్యాండు 90 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయేది కనుక, అక్కడి పాత ట్యూనర్‌లో మన స్టేషన్లు చాలావరకు పలకవు.

నేను ఈ బల్ల మీద రెండు సెట్లు తెచ్చి పెట్టాను. ఒకటి పదిహేను వాట్లది, ఇంకొకటి దానికి పదింతలది. రెంటికీ ఈ హారన్‌లనే కలుపుతాను, వాల్యూమ్ సున్నాలో ఉంచుతాను, పాట ఏదీ పెట్టను. దయచేసి ఫ్యాన్లు ఆపించి, ఒక్కొక్కరుగా వచ్చి హారన్ నోటి దగ్గర చెవి పెట్టి వినండి. ఆ తర్వాత తంబుర శ్రుతి మాత్రమే వినిపిస్తాను.